ఉడుత మేత ఏరిన చేతులు

తునికాకు మంచిదో కాదో లక్ష్మీనర్సమ్మ కళ్ళతో చూడదు, వేలితో చూస్తుంది. తడిపి గోనెగుడ్డలో చుట్టిపెట్టిన కట్టలోంచి ఒక్కో ఆకూ తీసి, వెన్ను మీద బొటనవేలు ఒకసారి రాసి, మందంగా ఉన్నదాన్నీ పురుగు కొట్టినదాన్నీ పక్కకు పడేస్తుంది. మిగిలినదాని మీద రేకు కొలత పెట్టి కత్తిరిస్తుంది. ఈ పని చేస్తూనే టీవీ చూస్తుంది, పక్కింటి వాళ్ళతో మాట్లాడుతుంది, స్టవ్వు మీద అన్నం పొంగుతుంటే లేచి మూత తీసి వస్తుంది. కామారెడ్డిలో రైలుకట్టకు అవతల ఉన్న ఆ గల్లీలో ఇంటికొకరు బీడీలు చుట్టేవాళ్ళే. అయినా కార్ఖానాలో ఏరిపారేసే బీడీల్లో ఆమెవి చాలా తక్కువ. ఆ సంగతి ఆమె నోటి నుంచి ఎప్పుడూ రాదు. పక్కింటి కృపాజ్యోతి చెబుతుంది, అదీ కొంచెం కుళ్ళుకుంటూ.

ఆమె పుట్టింది ఎల్లారెడ్డిలో. చిన్నప్పుడు ఎండాకాలం వస్తే, ఊరి బయట తండాలో ఉండే లచ్చితో కలిసి అడవికి తునికాకు కోతకు పోయేది. ఇద్దరిదీ ఒకటే ఈడు. పెళ్ళయ్యాక నర్సమ్మ కామారెడ్డి వచ్చి అత్త దగ్గర బీడీలు చుట్టడం నేర్చుకుంది. లచ్చి తండాలోనే ఉండిపోయింది. ఇప్పటికీ ఆకు కోస్తుంది, మేకలు కాస్తుంది, సీతాఫలాల కాలంలో గంప ఎత్తుకుని ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర కూర్చుంటుంది.

నర్సమ్మ భర్త హనుమాండ్లు కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే పనికి పోతాడు. వానలు మొదలయ్యే ముందు ఆ పని ఎక్కువ. రెండేళ్ళ కింద అలాగే ఒక సాయంత్రం తువ్వాల ముడి వేసుకుని వచ్చి, జాగ్రత్తగా ఆమె ముందు విప్పాడు. అందులో మూడు ఉడుత పిల్లలు. కళ్ళు తెరవలేదు. ఒకదానికైతే ఒంటి మీద వెంట్రుక కూడా లేదు.

"కొమ్మల గూడున్నదని చూడలే. కొట్టినంక కనబడ్డయి" అన్నాడు.

"తల్లేది మరి?"

"ఉరికింది. శానసేపు చూసిన, మల్ల రాలే. కాకులు కాసుకోని కూసున్నయి. గందుకే తెచ్చిన."

జంతువులంటే నర్సమ్మకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. ఆ గల్లీలో కుక్కలకు అన్నం పెట్టేది కూడా కృపాజ్యోతే. కాకపోతే చేతిలోకి వచ్చిన పని సగంలో వదిలేయడం ఆమెకు చాతకాదు. వెంట్రుకలు లేనిది తెల్లారేసరికి చనిపోయింది. మిగతా రెండింటినీ పాత చీర పేలికల్లో చుట్టి బుట్టలో పెట్టింది. మేకపాలలో నీళ్ళు కలిపి, దూది ఒత్తి ముంచి, నోటికి అందించింది. అవి ఒత్తి చీకడం మొదలుపెట్టాక ఇక వాటిని వదిలేయడం అనే మాట రాలేదు. కొంచెం పెద్దగా ఉన్నదాన్ని పెద్దది అనీ, రెండోదాన్ని బుడ్డది అనీ పిలిచింది.

కళ్ళు తెరిచాయి. వీపు మీద చారలు తేలాయి. అరటిపండు, నానబెట్టిన పల్లీలు, అన్నం మెతుకులు తినడం నేర్చుకున్నాయి. అయితే ఉండాల్సినంత ఒళ్ళు చేయలేదు. తోక మీద వెంట్రుకలు పలచబడ్డాయి. బుడ్డది చీర కొంగు పట్టుకుని పైకి ఎక్కబోయి జారిపడేది. హనుమాండ్లు పనికి పోయే దారిలో పశువుల దవాఖానా ఉంది. అక్కడ అడిగి వచ్చాడు. అడవి జీవాన్ని ఇంట్లో పెట్టుకుని సాకడం తప్పని, కాళ్ళూ చేతులూ ఆడేదాకా చూసి విడిచిపెట్టాలని అక్కడ చెప్పారట. పండ్లు మాత్రమే తిని పెరిగితే బలం రాదట. బతికి ఉన్న పురుగులు పెట్టాలట. పురుగును పట్టడం రాని ఉడుతను బయట వదిలితే అది బతకదట.

"మంచి పురుగులు చూసి పెట్టుమన్నరు" అన్నాడు హనుమాండ్లు.

"మంచియి అంటె ఏవి?"

"గది అడగలే."

దాంతో ఆ పని నర్సమ్మ మీద పడింది. ఆకు ఏరినట్టే పురుగులను ఏరడం మొదలుపెట్టింది. గోడ వారన తడి గోనెసంచి పరిచి ఉంచితే, తెల్లారి ఎత్తేసరికి దాని కింద కీచురాళ్ళు చేరి ఉండేవి. పొద్దున చల్లదనానికి అవి త్వరగా దూకవు, గిన్నె బోర్లిస్తే దొరికిపోతాయి. మిడతల్లో చిన్నవి, ఆకుపచ్చవి తీసుకునేది. పెద్దవాటి వెనక కాళ్ళకు ముళ్ళుంటాయి, అవి ఉడుత నోట్లో గీరుకుంటాయని కాళ్ళు తీసేసి పెట్టేది. గొంగళిపురుగుల జోలికి పోలేదు, వాటి నూగు తన చేతికే దురద పెడుతుంది. పెసర పూల మీద తిరిగే ఎర్రపట్టీల నల్లపురుగును చిన్నప్పుడు ఒకసారి చేత్తో నలిపితే బొబ్బ లేచింది. ఆ గుర్తుతో దాన్ని దూరం పెట్టింది. ఒంటి మీద మెరిసే రంగున్నదాన్నీ, ముట్టుకుంటే వాసన వదిలేదాన్నీ వద్దనుకుంది. బొద్దింకలు ఇంట్లో కావలసినన్ని ఉన్నాయి కానీ గల్లీలో అందరూ వాటికి మందు కొడతారు. చచ్చి పడి ఉన్న పురుగును ఎంత తాజాగా కనిపించినా తీసుకోలేదు. అది ఎందుకు చచ్చిందో తెలియదు కదా.

"కార్ఖానల మన బీడీలకు జేసినట్టు పురుగులకు తనికీ జేస్తున్నవేందక్కా" అని కృపాజ్యోతి నవ్వింది. "జర నా ఇంట్ల దోమలను గూడ తనికీ చెయ్యి."

పట్టిన పురుగులను ఉంచడానికి మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తయారుచేసింది. పురుగుకు దాక్కునే చోటు ఉండాలి, లేకపోతే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. అందుకని చాటలో మిగిలిన తునికాకు కత్తిరింపులు డబ్బా అడుగున పరిచింది. మెత్తగా, కొంచెం తడిగా, వంకీలు తిరిగి ఉంటాయి. కీచురాళ్ళు వాటి మడతల్లో హాయిగా దూరాయి. ఆ గల్లీలో ఆకు తుక్కుతో చేయని పని లేదు. పొయ్యి దానితోనే రాజుకుంటుంది. పొదిగే కోడి కింద అదే పరుస్తారు. మామిడికాయలు దానిలోనే మగ్గేస్తారు.

ఒక రాత్రి ఆ డబ్బాలో ఉన్నాక పురుగులు నెమ్మదించేవి. మూత తీసినా దూకేవి కావు. రెండు వేళ్ళతో తీసి ఉడుత నోటికి అందిస్తే సరిపోయేది. పురుగులు చేతికి అలవాటు పడ్డాయని ఆమె అనుకుంది. బుడ్డదానికి పట్టుకునే ఓపిక లేదు కాబట్టి అలా నెమ్మదించినవన్నీ దానికే పెట్టేది. చురుకుగా ఉన్న ఒకటీ రెండూ పెద్దదానికి వదిలేది.

ఒక పొద్దున బుడ్డది లేవలేదు. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. నోటి నుంచి చొంగ కారి గదవ కింద వెంట్రుకలు తడిసిపోయాయి. వెనక కాళ్ళు చాపేసింది. నర్సమ్మ ఒత్తితో నీళ్ళు పట్టింది, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బీడీల చాట పక్కనే ఉన్నా ముట్టలేదు. మధ్యాహ్నానికి అది పోయింది.

ఆమెకు వెంటనే తోచింది మందు సంగతి. అంతకు ముందురోజు హనుమాండ్లు రామారెడ్డి ఊరికి పోయే దారిలో ఒక మక్కచేను గట్టు మీద మిడతలు పట్టి తెచ్చాడు. ఆ కాలంలో మక్క సుడుల్లో పురుగుకు మందు వేస్తారు. ఇంటికి వచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది. చూసుకుని తేవద్దా, కండ్లు లేవా అంది.

"మందు కొట్టిన చేనైతె వాసన రాదా? నేను గడ్డిల పట్టిన, చేన్ల గాదు" అన్నాడు అతను.

ఆమె నమ్మలేదు. అతనే బుడ్డదాన్ని తీసుకుపోయి రైలుకట్ట అవతల పూడ్చి వచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ పురుగులు తేలేదు. ఉడుత గురించి అడగడం కూడా మానేశాడు.

నర్సమ్మ గోనెసంచి కింద దొరికిన కీచురాళ్ళతోనే నెట్టుకొచ్చింది. అవి తన గోడ వారన పుట్టినవి, వాటి మీద ఎవరి మందూ పడదు. అయినా కొన్నాళ్ళకు పెద్దదానికీ చొంగ కారడం మొదలైంది. కాళ్ళు వణికాయి. ఆమె భయపడి పురుగులు మొత్తం ఆపేసింది. పండు, పల్లీలు మాత్రమే పెట్టింది. రెండుమూడు రోజుల్లో వణుకు తగ్గింది కానీ ఒళ్ళు మళ్ళీ కృశించడం మొదలైంది. పురుగు పెడితే జబ్బు, పెట్టకపోతే బలహీనం. వానలు తగ్గితే బయట పురుగులు కూడా తగ్గిపోతాయి. ఈలోపు అది పట్టుకుని తినడం నేర్వకపోతే జీవితమంతా బుట్టలోనే ఉండాలి. బుట్టలో ఉన్నా ఎన్నాళ్ళు ఉంటుందో తెలియదు.

కామారెడ్డి చుట్టూ ఎటు పోయినా మందు కొట్టిన పొలాలే కనిపించాయి ఆమెకు. మందు పడని నేల ఎక్కడుందా అని ఆలోచిస్తే ఎల్లారెడ్డి అవతల అడవి గుర్తొచ్చింది. మర్నాడు డబ్బా కడిగి, ఆరబెట్టి, అడుగున కొత్తగా ఆకు తుక్కు పరిచి, సంచిలో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది.

లచ్చి బస్టాండుకే వచ్చింది. సంగతి విని ముందు పడీపడీ నవ్వింది. తర్వాత మేకలను కోడలికి అప్పజెప్పి, తానే ముందు నడిచింది. తండా దాటి, బండరాళ్ళ మధ్య నుంచి మోదుగ చెట్ల వైపు పోయారు. రాయి ఎత్తితే కింద కీచురాయి ఉండేది, ఎండిన పేడకడి తిరగేస్తే తెల్లటి పురుగు. రాయెత్తేటప్పుడు తమ వైపు కాకుండా అవతలి అంచు పట్టి ఎత్తాలని, తేలు ఉంటే అటే పోతుందని లచ్చి చెప్పింది. ఒకచోట వాన తడికి ఎర్రగా, పట్టులా మెత్తగా ఉన్న ఆరుద్ర పురుగులు పాకుతున్నాయి. లచ్చి ఒకదాన్ని అరచేతిలో పెట్టి చూపించింది. నర్సమ్మ వద్దంది. అంత ఎర్రగా కనబడుతూ కూడా ఏ పిట్టా దాన్ని ఎత్తుకుపోలేదంటే అందులో ఏదో ఉందని ఆమె లెక్క.

పట్టినవి డబ్బాలో వేయడానికి లచ్చి మూత తీసి, ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఏందే నర్సీ, డబ్బ నిండ తంబాకు వాసన. పురుగులకు బీడీలు గిట్ల తాపుతున్నవా?"

నర్సమ్మ డబ్బా తీసుకుని వాసన చూసింది. తడి ఆకు వాసన తప్ప ఏమీ తెలియలేదు.

"ఏం వాసన లేదు. కడిగే తెచ్చిన."

"నీకేం తెలుస్తది? నువ్వు బస్సు దిగంగనే నాకు తెలిసింది, బీడీల నర్సి వచ్చిందని." లచ్చి ఇంకా నవ్వుతూనే ఉంది. "మా మేకలకు నెత్తురు తాగే గోమార్లు పడితె తంబాకు నానేసి ఆ నీళ్ళే పూస్తం. గోమార్లు సచ్చి రాల్తయి. నువ్వేమో పురుగులకు పరుపేసినవు."

నర్సమ్మ నవ్వలేదు. డబ్బాలోని తుక్కు కొంచెం తీసి అరచేతిలో పరిచి చూసింది. ఆకు మడతల్లో సన్నటి గోధుమరంగు పొడి ఉంది. ఆమె ఆకు కత్తిరించేదీ, తంబాకు నింపేదీ ఒకే చాటలో. ముప్పై ఏళ్ళుగా ఆ పొడి ఆమె చీరల్లో, గోళ్ళలో, పడుకునే బొంతలో ఉంది. అది కంటికి కనబడేంత కొత్తదీ కాదు, ముక్కుకు తెలిసేంత పరాయిదీ కాదు.

అయినా ఒకరు అన్నంత మాత్రాన ఆమె ఒప్పుకునే మనిషి కాదు. లచ్చి ఇంట్లో స్టీలు టిఫిను గిన్నె ఒకటి అడిగి తీసుకుంది. తన చెయ్యి తగలకుండా ఆ గిన్నెను, పురుగులను లచ్చినే పట్టుకోమంది. అడుగున మోదుగ ఆకులు వేయించి, పట్టిన కీచురాళ్ళలో సగం అందులో వేయించింది. మిగతా సగం తన డబ్బాలో, ఆకు తుక్కులో వేసింది. రెండూ ఒకే సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. బస్సులో పక్కనున్నామె సంచిలోంచి కీచుకీచు వినిపిస్తోందని జరిగి కూర్చుంది.

మర్నాడు పొద్దున ముందు టిఫిను గిన్నె మూత తీసింది. మోచేతి మీదుగా ఒకటి, భుజం మీదుగా ఒకటి దూకిపోయాయి. ఇంకొకటి పొయ్యి వెనక దూరింది. తర్వాత డబ్బా మూత తీసింది. ఒక్కటీ కదల్లేదు. కొన్ని కాళ్ళు ముడుచుకుని పక్కకు ఒరిగి ఉన్నాయి. వేలితో తడితే మీసాలు మాత్రం ఆడించాయి. అలవాటు పడ్డాయనుకున్నది ఇదే. బుడ్డదానికి ఏరి ఏరి పెట్టినవి ఇవే.

డబ్బాను, తుక్కును, అందులో ఉన్నవాటిని బయటికి తీసుకుపోయి తగలబెట్టింది. వచ్చి గుమ్మంలో కూర్చుంది. హనుమాండ్లు పనికి పోవడానికి కత్తి నూరుకుంటున్నాడు.

"నువ్వు తెచ్చిన మిడతలు మంచియే" అంది. "పాడు నా డబ్బలున్నది. తంబాకు."

అతను కత్తి ఆపి ఆమె వైపు చూశాడు.

"మల్ల తేవాల్నా?"

"తే. గని చేత్తోని పట్టకు. ఆకుల చుట్టి తే."

డబ్బా పోయింది కానీ చేతులు ఉన్నాయి. బూడిదతో తోమింది, సబ్బుతో కడిగింది, చింతపండు రాసింది. గోళ్ళ పచ్చదనం పోలేదు. వాసన పోయిందో లేదో చెప్పేవాళ్ళు లేరు, ఆ గల్లీలో ఎవరి ముక్కూ ఆ పనికి రాదు. గది ఒక్కటే, ఉడుతా అందులోనే, తంబాకు మూటా అందులోనే. బీడీలు మానేయడం కుదరదు, ఇల్లు సగం దాని మీదే నడుస్తుంది. ఇక ఉన్న దారి ఒకటే. చాటనూ మూటనూ కృపాజ్యోతి వాకిట్లోకి మార్చింది. పని ముగిశాక అక్కడే బట్టలు మార్చుకుని, స్నానం చేసి ఇంట్లోకి వచ్చేది. బొంతలు ఉతికింది, గోడలు దులిపింది.

"ఉడుత నీ ఇంట్ల, తంబాకు నా ఇంట్లనా? మంచిగనే ఉన్నది లెక్క" అని కృపాజ్యోతి సణిగింది. సణుగుతూనే కూర్చోవడానికి పీట జరిపింది.

ఉడుతను మాత్రం నర్సమ్మ ముట్టుకోలేదు. స్నానం చేశాక కూడా ముట్టుకోలేదు. హనుమాండ్లు కొట్టిన కొమ్మల్లో పుచ్చిపోయిన మొద్దు ఒకటి తెచ్చాడు. లోపల చెదపురుగులు. పెద్దదాన్ని బుట్టలోంచి ఇనప కమ్మీల పంజరంలోకి మార్చి, మొద్దును ఉన్నదున్నట్టు అందులో పెట్టారు. అది మొద్దు చుట్టూ తిరిగింది, వాసన చూసింది, వచ్చి కమ్మీల దగ్గర కూర్చుని నర్సమ్మ చేతి కోసం చూసింది. ఆమె చేతులు కొంగు కింద పెట్టుకుని అలాగే నిలబడింది. ఆ రోజంతా అది ఆకలితో అరుస్తూనే ఉంది. కృపాజ్యోతి వచ్చి, పాపం తగులుతుంది, ఒక్కటి అందియ్యరాదా అంది. నర్సమ్మ కొంచెం పండు వేసి ఊరుకుంది. మర్నాడు పొద్దున చూస్తే మొద్దు బెరడు ఒకవైపు గీకి ఉంది, కింద మట్టి రాలి ఉంది. పంజరం అడుగున ఒక్క చెదపురుగు కూడా మిగల్లేదు.

ఆ తర్వాత దూకే కీచురాళ్ళను ఆకులో చుట్టి నేరుగా పంజరంలోకి విదిలించారు. మొదట్లో ఉడుత ఒకవైపు దూకితే పురుగు ఇంకోవైపు దూకేది. కమ్మీలకు మూతి కొట్టుకునేది. హనుమాండ్లు అది చూసి నవ్వుతూ అన్నం తినేవాడు. ఒకసారి గాలిలోనే పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకుని, తల ముందు కొరికి, కాళ్ళు ఒక్కొక్కటీ తీసి పారేసి తిన్నది. కాళ్ళు తీయాలని దానికి ఎవరూ చెప్పలేదు. కదలకుండా పడి ఉన్న పురుగు ఏదైనా లోపల కనిపిస్తే నర్సమ్మ పుల్లతో బయటికి లాగేసేది. వానలు తగ్గుముఖం పట్టేసరికి తోక గుబురైంది. వణుకు మళ్ళీ రాలేదు.

ఎక్కడ వదలాలన్నది పెద్దగా ఆలోచించలేదు. గల్లీలో వదిలితే తిరిగి ఇంట్లోకే వస్తుంది, చేతి కోసమే వస్తుంది. దసరా అయ్యాక మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పంజరానికి గుడ్డ చుట్టి ఎల్లారెడ్డి పోయారు. లచ్చి పొలం గట్టున ఇప్పచెట్టు ఉంది, దాని మీద ఉడుతలు తిరుగుతుంటాయి. పంజరాన్ని కొమ్మకు కట్టి, కొన్నాళ్ళు లచ్చి అక్కడే మేత వేసింది. తర్వాత ఒక పొద్దున నర్సమ్మను రమ్మని ఫోన్ చేసింది.

నర్సమ్మ వచ్చాక లచ్చి తలుపు తీసింది. ఉడుత వెంటనే రాలేదు. తలుపు అంచు మీద కూర్చుని, తోక ఆడించి, మళ్ళీ లోపలికి పోయింది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని సీతాఫలం విప్పుకుని తిన్నారు. కాసేపటికి అది బయటికి వచ్చి మాను మీదికి జరిగింది, నాలుగు అంగల్లో పైకి పోయింది. బెరడు చీలిక దగ్గర ఆగి, మూతి లోపలికి పెట్టి, దేన్నో లాగింది. రెండు చేతుల మధ్య పట్టుకుని తినడం కనిపిస్తోంది. ఏం తింటోందో కనిపించడం లేదు. నర్సమ్మ లేచి నిలబడి, చెయ్యి కంటికి అడ్డం పెట్టుకుని చూసింది. ఆకులు అడ్డం వచ్చాయి.

"ఏందే అది?" అంది లచ్చి. "మంచిదేనా, కాదా?"

"నాకేం కనబడుతలేదు" అంది నర్సమ్మ. "అదే చూసుకుంటది తియ్యి."